బ్రోమ్ గడ్డి: జాతిని నిలబెట్టే సాక్ష్యం ఏది?

వృక్ష వర్గీకరణ మీద జరుగుతున్న ఈ సదస్సులో అధ్యక్షోపన్యాసానికి నేను ఎంచుకున్నది మన పొలాల్లో పెరగని గడ్డి. బ్రోమస్ అనే ఈ ప్రజాతి సమశీతోష్ణ మండలానిది. మన దేశంలో దాని జాతులు ఎక్కువగా హిమాలయ ప్రాంతంలోనే కనిపిస్తాయి. 1753లో లిన్నేయస్ దాన్ని నమోదు చేసిన నాటినుంచి దాని జాతుల హద్దుల మీద తర్జనభర్జనలు సాగుతూనే ఉన్నాయి. దగ్గరి చుట్టాలైన జాతులను విడదీయడం ఎంత కష్టమో, విడదీయకపోతే ఎంత నష్టమో ఇంత స్పష్టంగా చూపే గడ్డి అరుదు. అందుకే దీన్ని మీ ముందు పెడుతున్నాను. ఒక్క లక్షణాన్ని కొలిచి జాతిని నిర్ణయించకూడదని నా వాదన. ఒకదానిమీద ఒకటి ఆధారపడని లక్షణాలు కొన్ని కలిసి నడుస్తున్నాయా, ఆ తేడా మొక్క బతుకుతీరులో కూడా బయటపడుతోందా అని చూడాలి. రెండూ ఉన్నచోట జాతిని ఒప్పుకోవాలి. లేనిచోట ఎంత పాత పేరైనా వదులుకోవడానికి సిద్ధపడాలి.

బ్రోమ్‌ను మిగతా గడ్డి నుంచి వేరు చేయడం సులువే. ఆకు తొడుగు అంచులు కలిసిపోయి గొట్టంలా కాండాన్ని చుట్టి ఉంటుంది. అండాశయం కొన నూగుగా ఉండి, కీలాలు ఆ కొనకు కాస్త దిగువన పుడతాయి. అసలు చిక్కు ప్రజాతి లోపల ఉంది. బ్రిటన్ గోధుమ చేలలో కలుపుగా వచ్చే బ్రోమ్‌లు ప్రధానంగా ఐదు. స్టెరైల్ బ్రోమ్, గ్రేట్ బ్రోమ్ ఒక వర్గం. సాఫ్ట్, మెడో, రై బ్రోమ్‌లు మరో వర్గం. మొదటి వర్గంలో చిరుకంకి పైకి పోయేకొద్దీ విచ్చుకుంటుంది. కింది తుషానికి ఒకే ఈనె, పైదానికి మూడు. రెండో వర్గంలో చిరుకంకి కొనవైపు సన్నబడుతుంది. కింది తుషానికి మూడు నుంచి ఏడు, పైదానికి ఐదు నుంచి తొమ్మిది ఈనెలుంటాయి. చిరుకంకి ఆకారానికీ ఈనెల సంఖ్యకూ పైకి ఏ సంబంధమూ కనిపించదు. అయినా రెండూ ఒకేచోట గీత గీస్తున్నాయి. క్లైవ్ స్టేస్ తన బ్రిటిష్ వృక్షజాల గ్రంథంలో మొదటి వర్గాన్ని అనిసాంథా అనే వేరే ప్రజాతిగానే ఉంచాడు. ప్రజాతిని చీల్చాలా వద్దా అన్నది నా దృష్టిలో చిన్న ప్రశ్న. ఆ గీత పొలంలో ఏం చెబుతుందన్నది పెద్ద ప్రశ్న. స్టెరైల్ బ్రోమ్ గింజ రాలేనాటికే మొలవడానికి దాదాపు సిద్ధంగా ఉంటుంది. వెలుతురు తగిలేలా నేలమీద వదిలేస్తే సుప్తావస్థలోకి జారుతుంది. కాబట్టి కోత కాగానే పైపైన దున్ని మట్టి కప్పమని రైతుకు చెబుతారు. మెడో, రై, సాఫ్ట్ బ్రోమ్‌ల గింజలు రాలిన తరవాత పక్వానికి రావాలి. తొందరపడి కప్పితే అవి మట్టిలో నిద్రపోయి తరవాతి పంటల్లో లేస్తాయి. కాబట్టి నెల రోజులు నేలమీదే ఉండనివ్వమంటారు. ఒక వర్గాన్ని అణచే దుక్కే మరో వర్గాన్ని కాపాడుతుంది. తుషం మీద ఈనెలు లెక్కపెట్టడం ఎవరికి పనికొస్తుందని అడిగేవారికి ఇదే నా జవాబు.

వర్గం లోపలికి దిగితే కొలబద్ద మోసం చేయడం మొదలుపెడుతుంది. నారు దశలో వరిని పోలి ఉండే ఊదకు ఆకు మొదట్లో నాలుక ఉండదు. ఆ ఒక్క గుర్తు చాలు. బ్రోమ్‌లో అంత సులువైన గుర్తు దొరకదు. పుష్పకపు బయటి పొర అయిన లెమ్మా పొడవు స్టెరైల్ బ్రోమ్‌లో సుమారు 13 నుంచి 23 మిల్లీమీటర్లు, గ్రేట్ బ్రోమ్‌లో 20 నుంచి 36. నీరందక గిడసబారిన గ్రేట్ బ్రోమ్ స్టెరైల్ బ్రోమ్ కొలతల్లోకి దిగిపోతుంది. గ్రేట్ బ్రోమ్‌ను దాని దగ్గరి చుట్టమైన బ్రోమస్ రిజిడస్ నుంచి విడదీయడానికి ఈ పొడవు మీద అసలే ఆధారపడలేం. అక్కడ చూడవలసింది పుష్పకం అడుగున, అది ఊడిన చోట మిగిలే మచ్చ. గ్రేట్ బ్రోమ్‌లో అది ఇంచుమించు గుండ్రం. రిజిడస్‌లో కోలగా, కొనదేలి ఉంటుంది. మొదటిదాని కంకి కొమ్మలు విడివిడిగా వాలితే, రెండోదానివి దగ్గరగా నిటారుగా నిలుస్తాయి. క్రోమోసోములు మొదటిదానిలో 56, రెండోదానిలో 42. భూతద్దంతో మచ్చను చూసినవారూ, సూక్ష్మదర్శినిలో క్రోమోసోములు లెక్కించినవారూ వేరువేరు దారుల్లో వచ్చి ఒకే తీర్పు చెప్పారు. ఆస్ట్రేలియాలో గిల్, కార్‌స్టెయిర్స్ 1988లో ప్రచురించిన పరిశోధన రూపం, క్రోమోసోములు, జీవావరణం మూడింటినీ కలిపే ఈ రెంటినీ వేరు చేసింది. రిజిడస్ గింజలకు నిద్ర ఎక్కువ. ఆలస్యంగా మొలిచిన కలుపు విత్తుకు ముందు కొట్టే మందుకు చిక్కదని రైతుకు వేరే చెప్పనక్కరలేదు.

పోగొట్టుకున్న ఉదాహరణ కూడా ఒకటి చెప్పాలి. ఇంటరప్టెడ్ బ్రోమ్ ఇంగ్లండ్‌లో తప్ప ఇంకెక్కడా సహజంగా పెరగని గడ్డి. 1849లో కేంబ్రిడ్జ్‌షైర్‌లో దొరికిన దాన్ని చాలాకాలం సాఫ్ట్ బ్రోమ్‌లోనే ఒక రకంగా చూశారు. 1890లలో జార్జ్ క్లారిడ్జ్ డ్రూస్ దాన్ని జాతిగా నిలబెట్టాడు. చిరుకంకులు గుత్తులు గుత్తులుగా, మధ్యమధ్య ఖాళీలతో ఉండటం ఒక గుర్తు. పుష్పకపు లోపలి పొర అయిన పేలియా అడుగుదాకా రెండుగా చీలి ఉండటం అంతకన్నా బలమైన గుర్తు. గుత్తుల అమరిక పెరిగిన నేలను బట్టి మారవచ్చు, పేలియా చీలిక నిలకడగా ఉంటుంది. 1972 తరవాత ఈ గడ్డి బయట కనిపించలేదు. బ్రోమ్ గింజల ప్రోటీన్లను పరిశోధించిన ఎడిన్‌బరో వృక్షశాస్త్రజ్ఞుడు ఫిలిప్ స్మిత్ దాని విత్తనాన్ని పెంచుతూ వచ్చాడు కాబట్టి అది మిగిలింది. 2004లో ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని ఆస్టన్ రోవాంట్ అభయారణ్యంలో తిరిగి నాటారు. అది సాఫ్ట్ బ్రోమ్‌లో ఒక రకమనే మాటే చివరిదాకా నిలిచి ఉంటే, పోయిందని గమనించడానికైనా ఎవరికీ కారణం ఉండేది కాదు.

ఇక అభ్యంతరాలు. ప్రకృతిలో గీతలు లేవు, జాతులన్నీ ఒకదానిలోకి ఒకటి జారిపోతాయి, ఇవన్నీ మనం పెట్టుకున్న గడులేనని కొందరంటారు. ఈ మాటలో నిజం ఉన్న చోటు నాకు తెలుసు. మెడో బ్రోమ్, స్మూత్ బ్రోమ్ అని పిలిచే బ్రోమస్ కొమ్యుటాటస్, బ్రోమస్ రెసెమోసస్ ఆ చోటు. రెంటికీ 28 క్రోమోసోములే. లెమ్మా పొడవులోనూ కంకి విస్తారంలోనూ ఉన్న తేడా మెల్లగా కరిగిపోతూ మధ్యరకాలు దొరుకుతాయి. రెంటినీ ఒకే జాతిగా కలిపేసే శాస్త్రజ్ఞులున్నారు. నేను పెట్టిన కొలమానం ప్రకారం వారి పక్షమే బలంగా ఉంది. అయితే ఒక జంట కలిసిపోయినంత మాత్రాన మిగతా హద్దులన్నీ చెరిగిపోవు. 56, 42 మధ్య మెల్లగా కరిగే వాలు లేదు. మరో అభ్యంతరం ఈ కాలానిది: డీఎన్‌ఏ చదివితే సరిపోతుంది కదా, తుషాలతో తంటా ఎందుకు? డీఎన్‌ఏ గొప్ప సాక్షి, దాన్ని పిలవాల్సిందే. కాని ఇంత దగ్గరి చుట్టరికంలో, అందులోనూ క్రోమోసోముల సమితులు పెరిగి పుట్టిన జాతుల్లో, సాధారణంగా చదివే కొద్దిపాటి జన్యుఖండాలు తేల్చి చెప్పలేకపోవచ్చు. పైగా ఆ నమూనాకు పేరు పెట్టింది ఎవరు? మొక్కను చూసి గుర్తించిన మనిషే. ఆ గుర్తింపు తప్పైతే జన్యుక్రమం కూడా తప్పు పేరుతోనే భద్రమవుతుంది.

ఈ పని పచ్చి కంకితో జరగదు. రై బ్రోమ్‌ను ఖాయంగా పట్టించేది పండిన గింజ: లెమ్మా అంచులు గింజను చుట్టుకుని ముడుచుకోవడంతో పుష్పకాల మధ్య సందులు తెరుచుకుంటాయి. లేత నమూనాలో అది కనిపించదు. ఈ సభలోని పరిశోధక విద్యార్థులను నేను కోరేది ఇదే. ఏ గడ్డినైనా వేరుతో, తొడుగుతో, పండిన కంకితో సేకరించండి. ఒక్క మొక్కతో ఆగక అదే చోటునుంచి పదింటిని చూసి తేడాలు రాసుకోండి. మన ప్రాంతపు గడ్డిజాతుల గుర్తింపు పట్టికల కోసం ఇప్పటికీ గాంబుల్ మద్రాసు వృక్షజాలాన్నీ, 1960లో వచ్చిన బోర్ గ్రంథాన్నీ ఇంగ్లీషులో తిరగేస్తున్నాం. ఊదలు, కొర్రజాతి కలుపులు, అడవి వరులు మన రైతు చేలోనే ఉన్నాయి. వాటికి తెలుగులో, బొమ్మలతో, నమ్మదగిన గుర్తింపు పట్టికలు తయారుచేసే పనిని ఈ సదస్సు ముగిసేలోగా మీలో కొందరు భుజాన వేసుకోవాలని కోరుతున్నాను.