పిండం దత్తత: మనం ముందుగా అడగవలసిన ప్రశ్నలు
(బరంపురంలో తెలుగు క్రైస్తవ యువజన కూటంలో చేసిన ప్రసంగ పాఠం)



2025 జూలైలో అమెరికాలోని ఒహాయోలో ఒక మగబిడ్డ పుట్టాడు. ఆ బిడ్డ పిండంగా ఏర్పడింది మాత్రం 1994లో. ముప్ఫై ఏళ్ళు గడ్డకట్టిన స్థితిలో ఉన్న ఆ పిండాన్ని, దాని తల్లి పారేయడానికి మనసొప్పక, ఒక క్రైస్తవ దత్తత సంస్థ ద్వారా పిల్లలు లేని జంటకు ఇచ్చింది. ఈ వార్తను ఒకే వారంలో ముగ్గురు నాకు వాట్సాప్‌లో పంపారు. ముగ్గురూ అడిగింది ఒకటే: "అయ్యగారూ, ఇది మనం కూడా చేయొచ్చా?"

అమెరికాలో నైట్‌లైట్ అనే క్రైస్తవ సంస్థ 1997లో 'స్నోఫ్లేక్స్' పేరుతో దీన్ని మొదలుపెట్టింది. ఆ మార్గంలో మొదటి పాప 1998 డిసెంబరు 31న పుట్టింది. ఐవీఎఫ్‌లో ఒకేసారి చాలా పిండాలు తయారుచేస్తారు. ఒకటో రెండో గర్భంలో పెడతారు, మిగతావి ద్రవ నత్రజనిలో దాచుతారు. అలా మిగిలినవాటిని ఇంకొక కుటుంబం తీసుకోవడమే పిండం దత్తత.

మన దేశంలో అలాంటి ఏర్పాటు లేదు. 2021లో వచ్చిన సహాయక పునరుత్పత్తి చట్టం ప్రకారం పిండాలను పదేళ్ళకు మించి దాచకూడదు. గడువు తీరాక నశించనివ్వాలి, లేదా దంపతుల సమ్మతితో పరిశోధనకు ఇవ్వాలి. అమ్మడం, ఇతరులకు బదిలీ చేయడం నిషేధం. సొంత పిండాన్ని సొంత అవసరానికి తరలించుకోవాలన్నా జాతీయ బోర్డు అనుమతి కావాలి. కనుక ఎవరైనా ఏజెంటు వచ్చి "పిండం ఇప్పిస్తాను" అంటే నమ్మకండి. అదే 2025 జూలైలో సికింద్రాబాద్‌లో ఏం బయటపడిందో చూశాం కదా. సరోగసీ ద్వారా పుట్టిన మీ బిడ్డే అని చెప్పి ఒక జంటకు పాపాయిని ఇచ్చారు, డీఎన్ఏ పరీక్షలో ఆ బిడ్డ వాళ్ళది కాదని తేలింది. ఒక పేద తల్లి దగ్గర కొన్న బిడ్డ అని పోలీసులు చెప్పారు. మన కన్నీళ్ళ మీద వ్యాపారం చేసేవాళ్ళు ఉన్నారు. ఆ వ్యాపారానికి సరుకు ఎప్పుడూ పేదవాళ్ళ ఇంటినుంచే వస్తుంది.

చట్టం లేదు కాబట్టి ఈ సంగతి మనది కాదు అనుకోవద్దు. మన సంఘంలోని ఒక సహోదరి విశాఖ రైలెక్కి, రెండేళ్ళు తిరిగి, ఐవీఎఫ్‌తో బిడ్డను కన్నది. నాలుగు పిండాలు మిగిలాయి. ఏటా ఆసుపత్రి నుంచి ఫోను వస్తుంది: డబ్బు కట్టి దాచుకుంటారా, తీసేయమంటారా? ఒకరోజు ఆమె నన్ను అడిగింది: "అయ్యగారూ, అవి నా పిల్లలేనా?" సెమినరీలో నేర్చుకున్నదేదీ ఆ పూట నాకు అక్కరకు రాలేదు. ఊరుకున్నాను. ఆ ప్రశ్న ఆమెను చికిత్సకు ముందు ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు.

అందుకే చికిత్సకు వెళ్ళేవారికి ఇప్పుడు ముందే చెబుతున్నాను. ఎన్ని అండాలను ఫలదీకరణ చేస్తారో డాక్టరును అడగండి. మీరు మోయగలిగినన్ని పిండాలే చేయమని అడిగే హక్కు మీకుంది. సమ్మతి పత్రం ఇంటికి తెచ్చుకుని, చదివి, అప్పుడు సంతకం పెట్టండి. కతోలిక సంఘం ఐవీఎఫ్‌నే అంగీకరించదు. వదిలేసిన పిండాలను దత్తత తీసుకోవాలనే ఆలోచన మెచ్చదగినదే గాని అందులో చిక్కులున్నాయని 2008 నాటి పత్రంలో చెప్పింది. నేను అంతదూరం వెళ్ళి ఐవీఎఫ్ పాపమని అనను. మిగిలిపోతాయని తెలిసి తయారుచేయడం మాత్రం తప్పని నా నమ్మకం.

అసలు ఆ సహోదరిని అంతదూరం తరిమింది ఎవరు? మనమే. ప్రతి కొత్త సంవత్సరం ఆరాధనలో "పిల్లలు లేనివారు ముందుకు రండి" అని పిలిచి, అందరి ఎదుట నిలబెట్టి ప్రార్థించాను. హన్నా కథ చెప్పాను. వచ్చినవాళ్ళంతా ఆడవాళ్ళే. లోపం మగవాడిలో ఉండవచ్చని ఒక్కసారి కూడా అనలేదు. ఆ పిలుపు ఇప్పుడు మానేశాను.

ఒకరి బిడ్డను ఇంకొకరు పెంచడం మన గంజాంకు కొత్త కాదు. 1830ల నుంచి ఈ కొండల్లో మెరియా బలి నుంచి విడిపించిన పిల్లలను బరంపురం, కటకంలోని బాప్టిస్టు మిషనరీలకు అప్పగించారు. (ఆ పేరుతో తెల్లదొరలు కోంధుల ఊళ్ళు తగలబెట్టిన సంగతి కూడా మరువకూడదు.) 1866 కరువులో అనాథలైన పిల్లలకూ మిషన్లే నీడనిచ్చాయి. ఆ పిల్లలకు తిండి, చదువు దొరికాయి, ఇల్లు దొరకలేదు. మనమూ అక్కడే ఆగిపోయాం. హాస్టలుకు బియ్యం బస్తా పంపుతాం, బిడ్డను ఇంట్లోకి తెచ్చుకోం. ఎందుకని అడిగితే, "ఎవరి రక్తమో, ఏ కులమో" అంటారు. దత్తపుత్రాత్మ పొందామని ప్రతి ఆదివారం చెప్పుకునే నోటితోనే అంటారు!

చాలాకాలం చట్టం కూడా అడ్డుగా ఉండేది. 1956 హిందూ దత్తత చట్టం మనకు వర్తించదు. 1890 నాటి చట్టం కింద క్రైస్తవులు సంరక్షకులు మాత్రమే కాగలిగేవారు, తల్లిదండ్రులు కాలేకపోయేవారు. 2000లో వచ్చిన బాలల న్యాయ చట్టం, 2006లో దానికి చేసిన సవరణ ఆ తలుపు తీశాయి. ఏ మతం వారైనా ఈ చట్టం కింద దత్తత తీసుకోవచ్చని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇప్పుడు ఉత్తర్వు ఇచ్చేది జిల్లా కలెక్టరే. దత్తత బిడ్డకు కన్నబిడ్డతో సమానమైన హక్కులుంటాయి.

సులువని మాత్రం చెప్పను. పసిపాప కోసం ఎదురుచూసే దంపతులు చాలామంది, చట్టప్రకారం దత్తతకు సిద్ధంగా ఉన్న పిల్లలు కొద్దిమంది. ఏళ్ళు పట్టవచ్చు. కాస్త పెద్దపిల్లలు, వైకల్యం ఉన్న పిల్లలు మాత్రం అడిగేవారు లేక ఉండిపోతున్నారు. మోషేను ఫరో కుమార్తె నీళ్ళలోంచి తీసుకుంది గాని, మొర్దెకై ఎస్తేరును పెంచుకునేనాటికి ఆమె పసిపాప అని ఎక్కడా లేదు.

వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక నేనూ అమ్మగారూ మందిరంలోనే ఉంటాం. దత్తత ఆలోచన ఉన్నవారు పెళ్ళి సర్టిఫికెట్, పాన్ కార్డు, ఆదాయ పత్రం, డాక్టరు ఇచ్చిన ఆరోగ్య ధ్రువపత్రం తీసుకురండి. కేంద్ర దత్తత సంస్థ 'కారా' వెబ్‌సైటులో దరఖాస్తు కలిసి నింపుదాం. భార్యను ఒక్కదాన్నే పంపకండి, ఇద్దరూ రండి.