శోకం గురించి నిజం చెప్పిన నవలలు



ఆత్మీయుల మరణం, ఏ శాస్త్రంలో పట్టా పుచ్చుకున్నవారికైనా ఎప్పుడో ఒకప్పుడు ఎదురుకాక తప్పదు కనుక, శోకమే ఇతివృత్తంగా సాగిన కొన్ని నవలలను ఈనాడు పట్టాలందుకుంటున్న స్నాతకులకూ, వారి ఇళ్లలో ఇంకా బడికి వెళ్తున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ సిఫారసు చేయడం ఈ ప్రసంగం ఉద్దేశం. అలంకారశాస్త్రం శోకాన్ని కరుణరసానికి స్థాయీభావమని, అంటే మనసులో స్థిరంగా నిలిచి ఉండి తగిన సన్నివేశం కలిగినప్పుడు రసంగా పరిణమించే మూలభావమని చెప్పింది. అయితే కంటతడి పెట్టించినంత మాత్రాన ఏ నవలా గొప్పది కాదు; దుఃఖంలో ఉన్న మనిషి తనలో తాను అనుకోవడానికి సైతం సిగ్గుపడే ఆలోచనను దాచకుండా చూపినప్పుడే అది నిజం చెప్పినట్టవుతుంది.

అమెరికన్ రచయిత్రి కేథరిన్ పాటర్సన్ తన కుమారుడి నేస్తమైన బాలిక పిడుగుపాటుకు మరణించిన తరువాత రాసి 1977లో వెలువరించిన ‘బ్రిడ్జ్ టు టెరబిథియా’లో, స్నేహితురాలు వాగులో పడి మరణించిందని విన్న జెస్ అనే బాలుడు మొదట నమ్మడు, తరువాత కోపగిస్తాడు, ఒక క్షణం ఆ మరణం వల్ల తనకు ప్రాముఖ్యం వచ్చిందని కూడా అనుకుంటాడు. ఆరేళ్ల వయసులో, 1916లో, కారు ప్రమాదంలో తండ్రిని పోగొట్టుకున్న జేమ్స్ ఏజీ రాయగా, ఆయన మరణానంతరం 1957లో వెలువడిన ‘ఎ డెత్ ఇన్ ది ఫ్యామిలీ’లోనూ రూఫస్ అనే పసివాడు తండ్రి చనిపోయిన సంగతిని వీధి పిల్లల ముందు గొప్పగా చెప్పుకుంటాడు. ఈ ఇద్దరు రచయితలూ ఆ పిల్లలను మందలించకపోవడం వారి కళలోని ఔన్నత్యం.

క్యాన్సర్‌తో 2007లో మరణించిన రచయిత్రి షివాన్ డౌడ్ మిగిల్చిన ఊహను ప్యాట్రిక్ నెస్ నవలగా మలచగా 2011లో వచ్చిన ‘ఎ మాన్‌స్టర్ కాల్స్’ ఈ విషయంలో అన్నిటికన్నా ముందుకు వెళ్లింది. పదమూడేళ్ల కానర్‌ను పీడించేది పూర్వశోకం, అంటే మరణం సంభవించకముందే, అది తప్పదని తెలిసినవారిని ఆవరించే దుఃఖం. జబ్బుపడిన తల్లి బతకాలని కోరుకుంటూనే, ఈ యాతన ఎలాగైనా ముగిసిపోతే చాలునని తన మనసు కోరుకున్నందుకు ఆ బాలుడు తనకు శిక్ష పడాలని భావిస్తాడు. రోగి మంచం పక్కన నెలల తరబడి కూర్చున్న పెద్దలెందరో ఎవరికీ చెప్పుకోని మాట ఇదే కావడం వల్ల, దీన్ని పిల్లల పుస్తకమని పక్కన పెట్టడం అన్యాయం.

పెద్దలకు మ్యాగీ ఓఫారెల్ ‘హ్యామ్నెట్’ (2020) ఉంది. 1596లో పదకొండేళ్లకే మరణించిన షేక్‌స్పియర్ కుమారుని కోసం తల్లి ఒక విధంగా, తండ్రి మరొక విధంగా దుఃఖించడం, ఒకరి దుఃఖం మరొకరికి అర్థం కాకపోవడం అందులో కనిపిస్తాయి. తెలుగులో బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’లో, లోకం తల్లిపై వేసిన నింద దయానిధిని ఆమె మరణానంతరమూ వెంటాడుతుంది కనుక, ఆమెను నిశ్చింతగా తలచుకునే హక్కు కూడా ఆ కొడుకుకు దక్కదు.

ఈ మధ్యనే ఆప్తులను పోగొట్టుకున్న మిత్రుని చేతిలో ఈ పుస్తకాలను వెంటనే పెట్టనవసరం లేదు; ముందుగా తాము చదివినవారు, ఆ మిత్రుడు ఏదో ఒకనాడు తన మనసులోని అనకూడని మాట అన్నప్పుడు ఉలిక్కిపడకుండా, ఓదార్చే తొందరలో మాట తప్పించకుండా, చివరిదాకా వినగలుగుతారు.