మెచ్చుకోలు – మంచిమాట



అన్నము లేక శరీరము కృశించును. ఆదరవాక్యము లేక ఉత్సాహము కృశించును. అందుచేత నేడు ప్రశంసను గూర్చి నాలుగు మాటలు విన్నవింతును.

ప్రశంసకును ముఖస్తుతికిని భేదమేమి? ఉన్న గుణమును ఉన్నట్లు పలుకుట ప్రశంస. లేని గుణమును లాభాపేక్షతో అంటగట్టుట ముఖస్తుతి. మొదటిది వినువానికి మేలు చేయును. రెండవది పలుకువాని పని మాత్రమే నెరవేర్చును.

శ్రీమద్రామాయణమున కిష్కింధాకాండము చివర, సముద్రతీరమున వానరవీరులు ఎవరి శక్తిని వారు లెక్కించుకొని చింతించుచుండగా, హనుమంతుడు దూరముగ మౌనము వహించి యుండెను. జాంబవంతుడు అతని పుట్టుకను, బాల్యమున సూర్యునికై ఎగసిన వైనమును జ్ఞాపకము చేసెను. లేని బలమును రవ్వంతయు కల్పించి చెప్పలేదు. ఉన్న బలమే మేల్కొనెను. మహాభారతమున దీనికి విపరీతమైన కథ గలదు. శల్యుడు కర్ణునకు సారథియై యుండియు, యుద్ధము నడుమ అతనిని కించపరచుచు మాటలాడెను. ధర్మరాజు కోరినదియు అదియే. ఒక మాట సముద్రమును దాటించినది. ఒక మాట మహావీరుని తేజస్సును హరించినది.

ఇక మన సీమ సంగతి. ఏటికి సగటున ఇంచుమించు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు అనంతపురము మెట్టనేలలో వేరుశనగ విత్తిన రైతునకు, పంట ఇల్లు చేరునన్న నమ్మకము లేదు. విత్తుట అతని వంతు. వాన అతని వశము కాదు. పంట పండిన యేడే మెచ్చుకొందమన్నచో, మన పల్లెలలో మంచిమాటకు కూడ కరవు వచ్చును. పంట పోయిన వాని వాకిట నిలిచి, "బోరు వేయవద్దని అప్పుడే చెప్పితిమి గదా" అనుట సులభము. అప్పుకంటె ఆ మాట బరువు. "అదనుకు విత్తితివి, కలుపు లేకుండ కాచితివి, నీ సేద్యములో లోపము లేదన్నా" అని పలుకువాడు ఆ అప్పును తీర్పజాలడు. కాని మరునాడు ఆ మనిషి తలయెత్తి వీధిలో నడచుటకు తోడగును.

ఇందుకు నిదర్శనము మన చెంతనే గలదు. పూర్వము మన జిల్లాలోనిదై, 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరిన లేపాక్షికి, రెక్కలు తెగి పడియున్న జటాయువును శ్రీరాముడు "లే పక్షీ" అని పిలిచినందున ఆ పేరు వచ్చెనని జనశ్రుతి. జటాయువు సీతమ్మను విడిపింపలేకపోయెను. లోకము దృష్టిలో ఓడినవాడు. అయినను శ్రీరాముడు అతని ప్రయత్నమునే గణించి, ఆత్మబంధువునకు వలె స్వహస్తములతో దహనసంస్కారము చేసెను. ఫలమును గాక పాటును గౌరవించుట యనగా ఇదియే.

కన్నబిడ్డను ఎదుట పొగడరాదని పెద్దలందురు; దిష్టి తగులునని తల్లులు భయపడుదురు. అందలి మర్మము గర్వము పుట్టింపవద్దనుట. నోరు మూసికొనుమనుట కాదు. "నీయంతవాడు లేడు" అనినచో గర్వము పెరుగును. "నేడు నీవు చేసిన ఈ పని బాగున్నది" అనినచో శ్రద్ధ పెరుగును.

మన యిండ్లలో చూడుడు. కూరలో ఉప్పు తగ్గిననాడు పలుకు నోరు, సరిపోయిననాడు పలుకదు. ట్యాంకరు వద్ద గంటసేపు నిలిచి బిందెలు మోసి తెచ్చిన కోడలికి, తెల్లవారకముందే వీధి ఊడ్చు తల్లికి, మనము చెప్పవలసిన మాట బాకీ యున్నది. నేడు ఇల్లు చేరిన పిమ్మట ఒక్కరికైనను ఆ బాకీ తీర్చుడు. మంచిమాట పండుటకు వానతో పని లేదు.

స్వస్తి.