కుంగుబాటుకు మందు: కొన్ని జాగ్రత్తలు

అమీరుపేట కూడలిలో నిలిచి చూచినచో మేడల కొనవరకు శిక్షణాలయముల పేరుపలకలు, సందులలో వసతిగృహములు, వాని ప్రక్కనే మందుల అంగళ్లు కనబడును. జిల్లాలనుండి ఇచటికి వచ్చువారిలో పెక్కుమందికి 22, 23 ఏండ్ల వయస్సు. ఉద్యోగము దొరకక, నిద్ర పట్టక, అన్నము సహింపక, బ్రతుకే రుచింపని స్థితికి వచ్చినవారును అందులో కొందరుందురు. వైద్యులు దీనిని కుంగుబాటు అందురు. దీనికి మందు కలదు, మంచి మందే. కాని గదిలోని మిత్రుని అట్టనుండి రెండు మాత్రలు త్రుంచుకొని మొదలుపెట్టదగిన మందు కాదు. వైద్యుని చీటి లేనిదే దానిని అమ్మరాదని చట్టము.

ఈ జాతి మందులు అనుకొనకుండ దొరికినవి. 1952లో అమెరికాలో ఇప్రోనియజిడ్ ఇచ్చిన క్షయరోగులు కొందరు వింతగా ఉల్లాసము చూపిరి. కాలేయమునకు చేటు చేయుటచే ఆ మందు తరువాత తొలగిపోయినది. నేడు వాడుకలోనున్న ఫ్లూఆక్సెటిన్, ఎస్సిటాలోప్రామ్ వంటివి పాతవానికంటె క్షేమకరములు.

అయినను గుణము కనబడుటకు రెండు మొదలు ఆరు వారములు పట్టును. వికారము, తలనొప్పి, నిద్ర చెదరుట మొదటి వారముననే వచ్చును. కష్టము ముందు, లాభము వెనుక. 25 ఏండ్ల లోపువారిలో కొందరికి ఈ తొలి దినములలో కుదురులేమి, ఆత్మహత్య తలంపులు హెచ్చవచ్చును. అమెరికా ప్రభుత్వము 2004లో పిల్లలను గూర్చియు, 2007లో 24 ఏండ్లవరకు గల యువజనులను గూర్చియు ఈ హెచ్చరికను ఔషధపత్రములలో ముద్రింపజేసినది. మన వసతిగృహముల వయస్సు సరిగా అదే! కావున మందు మొదలుపెట్టిన సంగతి గదిలో ఒక్కరికైనను, ఇంట ఒక్కరికైనను తెలిసియుండవలెను. "రాత్రియంతయు పచార్లు చేయుచున్నాడు" అని వైద్యునికి చెప్పగలవారు కావలెను. ఇది విని మందుకు జంకరాదు. చికిత్స లేని కుంగుబాటు అంతకంటె అపాయకరము.

నొప్పికి ట్రమడాల్, మొండి క్షయకు లినెజోలిడ్ వాడువారు ఆ మాట ముందే చెప్పవలెను. అవి దీనితో కలిసినచో అరుదుగా చెమటలు, వణకు, జ్వరము, మతిచలనము కలుగును. ఐబుప్రోఫెన్ తోడైనచో కడుపులో రక్తస్రావమునకు అవకాశము హెచ్చును. మద్యము మానవలెను.

ఇక మానుట. సంక్రాంతికి ఊరికి పోవుచు అట్టను గదిలో మరచిన యువకునికి నాలుగు దినములలో తల తిరుగును, ఒంటిలో విద్యుత్తు తాకినట్లు జిల్లుమనును. మందుకు దాసుడనైతినని బెదరును. అది వ్యసనము కాదు, హఠాత్తుగా ఆపుటవలని బాధ. నెమ్మది చిక్కిన పిదపను సాధారణముగా ఆరు నెలలైనను వాడి, వైద్యుని సలహాపై మోతాదును క్రమముగా తగ్గించుకొనవలెను.

అమీరుపేటకు మెట్రోలో ఒక్క స్టేషను దూరమున, పంజాగుట్టలో, నిజాం వైద్య విజ్ఞాన సంస్థ యున్నది. ఔషధముల గుణదోషములను పరిశీలించుటకే అందొక విభాగము కలదు. మరియొక దిక్కున ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక చికిత్సాలయము. ఎర్రగడ్డ పేరు మన నగరములో ఎకసక్కెపు మాటయైనది. ఆ ఎకసక్కెమే ఎందరినో వైద్యునివద్దకు పోనీయక మందుల అంగడికి పంపుచున్నది. చావు తలంపు వచ్చిన రాత్రి తెల్లవారువరకు ఆగనక్కరలేదు. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలీ మానస్‌కు, 14416 సంఖ్యకు, ఏ వేళనైనను ఉచితముగా ఫోను చేసి తెలుగులోనే మాటలాడవచ్చును.