బీమా ఏజెంటు ఎందుకు మానుకుంటాడు?

బట్టల కొట్టులో చీర కొన్నవారు దానిని వెంట తీసుకుపోతారు. జీవిత బీమా చేసినవారికి దక్కేది ఒక కాగితం, ఒక మనిషి చెప్పిన మాట. ఇరవై సంవత్సరాలు నడవవలసిన ఆ ఒడంబడికలో, మాట చెప్పిన మనిషి రెండవ యేటనే వృత్తి మానుకుంటే, వాయిదా గుర్తుచేసేవారుండరు. ఇంట్లో ఆపద వచ్చిననాడు క్లెయిము కాగితాలు పూర్తి చేయించేవారుండరు. ఇటువంటి దానిని ఆ వృత్తిలోనివారు ఆర్ఫన్ పాలసీ, అంటే అనాథ పాలసీ అంటారు.

మన ఆంధ్రదేశానికి బీమా కొత్త కాదు. డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1925లో మచిలీపట్నంలో ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీని స్థాపించారు. 1956లో ప్రభుత్వం 245 సంస్థల జీవిత బీమా వ్యాపారాన్ని స్వాధీనపరచుకొని, సెప్టెంబరు 1వ తేదీన జీవిత బీమా సంస్థను ఏర్పరచింది. 2000లో ప్రైవేటు కంపెనీలకు మరల ప్రవేశం లభించింది. ఇన్ని మార్పులు జరిగినప్పటికీ, చేరిన ఏజెంట్లలో అనేకులు నిలవడం లేదన్న చిక్కు తీరలేదు.

కమిషను మీదనే ఆధారపడిన జీవనం కష్టమైనదే. అయితే ఆ కష్టం అందరికీ సమానమే కదా! ఒకే ఊరిలో ఒకరు నిలిచి, మరొకరు మానుకోవడానికి గల కారణాలలో పై అధికారి నడవడి ముఖ్యమైనది. ఆయన డెవలప్‌మెంటు ఆఫీసరు కావచ్చు, సేల్సు మేనేజరు కావచ్చు.

నాయకత్వపు తీరులను గురించి కర్ట్ లెవిన్, లిప్పిట్, వైట్ అనే శాస్త్రజ్ఞులు అమెరికాలో బాలుర బృందాలపై జరిపిన పరిశీలన 1939లో వెలువడింది. ఆజ్ఞాపించే నాయకుడు గది విడిచి వెళ్లగానే అతని బృందంలో పని కుంటుపడింది. అందరితో ఆలోచించి నడిపే నాయకుడు లేనప్పుడు కూడా అతని బృందంలో పని చాలవరకు సాగింది. పట్టించుకోని నాయకుని బృందంలో పని అంతంతమాత్రమే. పిల్లల ఆటపాటలకు, పెద్దల ఉద్యోగాలకు భేదమున్నది. అయినా బీమా ఏజెంటు పని అంతా అధికారి కంటికి కనబడని చోటనే జరుగుతుంది గనుక, ఈ విషయం మనం ఆలోచించదగినది.

మన ప్రాంతాన్నే తీసుకుందాం. తిరుపతిలో దేవస్థానం ఉద్యోగులు, 1954లో స్థాపించిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఉద్యోగులు నెలజీతం వారు. ఆదాయపు పన్ను లెక్కలు చూసుకొని మార్చిలో పాలసీ తీసుకునేవారు వారిలో ఉంటారు. చిత్తూరు వైపు పల్లెలలో అలా కాదు. తోతాపురి మామిడి డబ్బు చేతికి వచ్చేది వేసవి చివర. వేరుశనగ డబ్బు పంట ఒబ్బిడి అయిన తరువాత. పాలడబ్బు విడతలు విడతలుగా వస్తుంది. "మార్చి 31 లోపల ఇన్ని పాలసీలు తేవలసిందే" అని ఇద్దరు ఏజెంట్లనూ ఒకే కొరడాతో అదలించే అధికారి, పల్లె ఏజెంటును సంకటంలో పెడుతున్నాడు. అతడు బావమరదిని, పినతండ్రిని బ్రతిమాలి పాలసీలు కట్టిస్తాడు. మరుసటి యేడు వారు కట్టలేక మానుతారు. చుట్టరికం చెడుతుంది, కమిషను పోతుంది, ఏజెంటూ మానుకుంటాడు.

ఏమీ అనని అధికారి మంచివాడనుకోవడం కూడా పొరపాటే. కొత్త ఏజెంటుకు మొదటి నెలలు బంధువులతో గడిచిపోతాయి. తరువాత ఏ గడప ఎక్కాలో తెలియదు. అప్పుడు వెంట నడిచి, పరాయి ఇంటిలో మాట ఎలా మొదలుపెట్టాలో చూపి, పంటకాలాన్ని బట్టి వాయిదాలు ఏర్పరచడం నేర్పే అధికారి కావాలి. ఆయన లెక్క అడగడని అర్థం కాదు. లెక్క అడిగేముందు దారి చూపుతాడు.

పాలసీలు పదమూడవ నెలలోను, అరవై ఒకటవ నెలలోను ఎన్ని నిలిచి ఉన్నవో బీమా కంపెనీలు లెక్క చూస్తాయి. ఒక్కొక్క అధికారి క్రింద చేరిన ఏజెంట్లలో ఎందరు నిలిచారో కూడా అంత శ్రద్ధగా చూడడం అవసరం.

ఇక శ్రోతలకు ఒక మనవి. మీ ఏజెంటు మానుకున్నా పాలసీ రద్దు కాదు. వాయిదా మాత్రం ఆగదు. గడువు దాటిన తరువాత సాధారణంగా నెలవారీ వాయిదాకు 15 రోజులు, తక్కిన వాయిదాలకు 30 రోజులు వెసులుబాటు ఉంటుంది. బ్రాంచి కార్యాలయానికి వెళ్లి, మీ పాలసీ బాధ్యతను మరొకరికి అప్పగించమని అడగండి.