మొదటి ఖర్చు కూలి
(కార్యకర్తల శిక్షణా శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



డబ్బు లేకుండా సినిమా ఎట్లా తీయాలో చెప్పమని నన్ను పిలిచారు. డబ్బు లేకుండా తీయలేం. తక్కువ డబ్బుతో తీయగలం. ఆ తక్కువ డబ్బు ఎక్కడ పెట్టాలన్నదే సంగతి.

మొదటి ఖర్చు కెమెరా కాదు, కూలి. మనం మాట్లాడించే మనిషి ఆ పూట పనికి పోదు. "మన సమస్యే కదా, డబ్బెందుకు" అనే సంస్థలను చూశాను. కూలి రేట్ల మీద సినిమా తీస్తూ కూలి ఎగ్గొడితే ఎట్లా? లెక్కల కాగితంలో మొదటి వరుసలో అది రాయండి. రెండో వరుస అందరి భోజనం.

ఆ తర్వాత మైకు. బొమ్మ కాస్త మసకగా ఉన్నా జనం చూస్తారు. మాట వినబడకపోతే లేచిపోతారు. బొమ్మకు ఇవాళ మన చేతిలో ఉన్న ఫోను చాలు. కానీ ఫోను మైకు మనిషి గొంతుతో పాటు ఫ్యానునూ, పక్కింటి టీవీనీ పట్టేస్తుంది. జాకెట్టుకు తగిలించే చిన్న మైకు కొనండి. కొంగు దానికి రాసుకోకుండా చూడండి. లైట్లు అద్దెకు తేవద్దు. గుమ్మం పక్కన కూర్చోబెట్టి, నీడ పడిన వైపు ఒకరు తెల్ల దుప్పటి పట్టుకుంటే చాలు.

కెమెరా ఎత్తు గురించి జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ మహిళల దగ్గర నేర్చుకోవాలి. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత స్త్రీలు వాళ్లు. పైనుంచి కిందికి చూసేదాన్ని పటేల్ షాటు అన్నారు. కళ్లకు సమానంగా ఉండేది సంఘం షాటు. వరంగల్ రైతుల బి.టి. పత్తి నష్టాల మీద 2003లో సినిమా తీసింది వాళ్లే.

ఇక నా తప్పు చెబుతాను. భర్త కొట్టిన దెబ్బల గురించి ఒకామె మాట్లాడింది. మొహం కనబడకుండా వెనకనుంచి తీశాం. సంతకమూ తీసుకున్నాం. పక్క ఊరి మీటింగులో వేస్తే ఆమె ఎవరో అందరికీ తెలిసిపోయింది. ఇంట్లోకి రానివ్వలేదు. పుట్టింటికి పోయింది. "మొహం దాచావు గానీ నా నీలం తలుపు దాచలేదు కదమ్మా" అంది. నా దగ్గర జవాబు లేదు.

అప్పట్నుంచీ ఎడిటింగు అయ్యాక మొదట ఆమెకే చూపిస్తాను, ఒంటరిగా. తలుపు, గేదె, గొంతు, మెట్టెలు, ఏది తీసేయమంటే అది తీసేస్తాను. సినిమా కుంటుపడినా సరే. అత్యాచారానికి గురైన స్త్రీ విషయంలో ఇది చట్టం కూడా. ఇదివరకు ఐ.పి.సి. 228-ఎ, 2024 జులై నుంచి భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షను. పేరొక్కటే కాదు, ఆమెను గుర్తుపట్టించే ఏ వివరమూ బయటపెట్టకూడదు.

షూటింగు అయిన రాత్రే, నిద్రపోకముందే, రెండు కాపీలు చేసుకోండి. రెండూ ఒకే సంచిలో పెట్టొద్దు. ఆమె వద్దన్న ముక్కను రెండింట్లోంచీ చెరిపేయండి.