పూతరేకుల ఊరికి ఒక్కరోజు ప్రయాణం

కృష్ణా మూసీ కలిసే వాడపల్లి పక్కనే ఉన్న దామరచర్ల వాళ్లకు గోదావరి లంకలు మరీ దూరమేం కాదు. తెల్లవారకముందే బండి తీస్తే మిర్యాలగూడ, కోదాడ, విజయవాడ మీదుగా తణుకు దాటి, సిద్ధాంతం వంతెన ఎక్కితే కింద వశిష్ఠ గోదావరి. అది దాటితే కోనసీమే. రెండు వైపులా గోదావరి పాయలు, మూడో వైపు బంగాళాఖాతం. రావులపాలెం దగ్గర హైవే దిగి ఆత్రేయపురం దారి పట్టాలి.

అక్కడి అంగట్లో పూతరేకుల పెట్టె కట్టించుకుని వెనక్కి తిరిగితే సగమే చూసినట్టు. రేకు తీసే ఇంటి ముందు కాసేపు నిలబడాలి.

నున్నటి కుండను బోర్లించి, లోపల కొబ్బరాకో తాటాకో మంట పెడతారు. నానబెట్టి రుబ్బిన బియ్యప్పిండిని పాలలా పలచన చేసి, అందులో గుడ్డ ముంచి కుండ మీద ఒక్క లాగు లాగుతారు. క్షణంలో రేకు లేస్తుంది! మంట పెరిగితే మాడుతుంది, తగ్గితే అంటుకుంటుంది. ఎండు రేకు విరిగిపోతుంది కాబట్టి తడిగుడ్డతో మెత్తబరిచి, నెయ్యి రాసి, పంచదార పొడో బెల్లం తురుమో చల్లి మడత పెడతారు. ఈ పని ఎక్కువగా ఆడవాళ్లదే.

2023లో ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు దక్కింది. ఇప్పుడు జీడిపప్పు, బాదం, చాక్లెట్ రకాలూ వచ్చాయి. వెళ్లినవాళ్లు ముందు ఉత్త నెయ్యి బెల్లం రేకే అడగండి. చాక్లెట్‌ది పిల్లలకు వదిలేయండి.